మోటార్ పోలేదు, బేరింగ్ పోయింది! లక్షల ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు ఇది చూడండి

ఈవీలో, అంటే ఎలక్ట్రిక్ కారులో, మోటార్ చెడిపోవడం చాలా అరుదు. పోయేది బేరింగ్, లేదంటే సీల్, లేదంటే ఒక సెన్సార్. కానీ ఎస్టిమేట్ కాగితం మీద మాత్రం "మోటార్ అసెంబ్లీ మార్చాలి" అని రాస్తారు, పక్కన లక్షల్లో అంకె వేస్తారు. ఈ రోజు నేను మాట్లాడేది ఇదొక్కటే. చివరిదాకా ఇదే మాట్లాడతా.

గొడవ ఏంటో మీకు తెలుసు, మీ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ నడుస్తున్నదే. వారంటీ దాటిన బండి, బండి ముందు భాగంలోంచి గుయ్‌మని శబ్దం, సర్వీస్ సెంటర్‌కి పోతే మోటార్ మొత్తం మార్చాలంటారు. ఆ కాగితం గ్రూపులో పడగానే ఒకాయన "అందుకే ఈవీ కొనొద్దన్నా" అంటారు. ఇంకొకాయన "మా బండికి ఇప్పటిదాకా రూపాయి ఖర్చు లేదు" అంటారు. ఇద్దరూ కొట్టుకుంటారు. అసలు లోపల ఏం పోయిందని ఒక్కరూ అడగరు!

లోపల ఏముంటుందో చూడండి. రాగి తీగ చుట్టిన స్టేటర్ ఉంటుంది. మధ్యలో తిరిగే రోటర్ ఉంటుంది. మన రోడ్ల మీద తిరిగే ఈవీ కార్లలో ఎక్కువ వాటికి ఆ రోటర్‌లో శాశ్వత అయస్కాంతాలుంటాయి. స్టేటర్, రోటర్ ఒకదాన్నొకటి తాకవు. తాకనిది ఎట్లా అరుగుతుంది? పిస్టన్ లేదు, వాల్వ్ లేదు. మొత్తం మోటార్‌లో భారం మోస్తూ అరిగే చోటు ఒక్కటే, ఆ షాఫ్ట్‌ని అటూ ఇటూ పట్టుకున్న బేరింగులు. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ గరగరమంటే మనం ఫ్యాన్ పారేస్తామా? బేరింగ్ మార్పిస్తాం. మరి కారు దగ్గరికొచ్చేసరికి ఈ బుద్ధి ఎక్కడికి పోతోంది?

ఈవీ బేరింగ్‌కి ఇంకో శత్రువు ఉంది, దాని గురించి షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. కరెంటు. బ్యాటరీలోని డీసీని ఇన్వర్టర్ సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ చేసి త్రీ ఫేజ్ ఏసీగా మారుస్తుంది. ఆ స్విచింగ్ వల్ల షాఫ్ట్ మీద కొంత వోల్టేజ్ చేరుతుంది. అది బయటికి పోవడానికి దారి వెతుక్కుంటుంది, దొరికే దారి బేరింగే. బేరింగ్‌లోని గోళీకీ, అది తిరిగే ట్రాక్‌కీ మధ్య గ్రీజు పొర చాలా పలచన. దాన్ని చీల్చుకుని చిన్న రవ్వ పడుతుంది. ఒక రవ్వతో ఏమీ కాదు. నెలల తరబడి పడితే ట్రాక్ మీద వరసగా అడ్డగీతలు పడతాయి. దీన్ని ఫ్లూటింగ్ అంటారు. మీకు వినబడే గుయ్‌కి అసలు కారణం ఇదే కావచ్చు.

ఇదేమన్నా కొత్త జబ్బా? కానే కాదు. ఫ్యాక్టరీల్లో వీఎఫ్‌డీ, అంటే మోటార్ వేగాన్ని మార్చే ఇన్వర్టర్ లాంటి డబ్బా, దాని మీద నడిచే మోటార్లకు ఇది దశాబ్దాలుగా ఉంది. జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో మోటార్ల మెయింటెనెన్స్ చూసేవాళ్ళని అడగండి, నిద్రలో లేపినా చెబుతారు. మందు కూడా తెలిసిందే. సిరామిక్ గోళీలున్న బేరింగ్ వేయాలి, లేదా షాఫ్ట్‌కి గ్రౌండింగ్ రింగ్ పెట్టాలి. 2012లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ తొలి బండ్లకే డ్రైవ్ యూనిట్‌లో, అంటే మోటార్, గేర్లు కలిసున్న భాగంలో, శబ్దాలు వచ్చాయి. తర్వాత రోటర్‌ని చల్లబరిచే కూలెంట్ సీల్ దాటి లోపలికి కారడం పెద్ద తలనొప్పి అయింది. విదేశాల్లో బయటి వర్క్‌షాపులు ఏం చేశాయి? విప్పి, సీల్, బేరింగ్ మార్చి, మళ్ళీ బిగించి ఇచ్చాయి. ఇప్పటికీ ఇస్తున్నాయి.

మా బాబాయ్ శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి క్యాబ్ నడుపుతారు. ఈవీ. మన దగ్గర చాలా కార్లకు మోటార్ వారంటీ 8 ఏళ్ళు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. రోజుకు 150 కిలోమీటర్లు తిప్పితే ఆ 1.6 లక్షలు మూడేళ్ళలోపే అయిపోతాయి! క్యాబ్ నడిపేవాళ్ళకు ఆ 8 ఏళ్ళ మాటకు అర్థమే లేదు. శబ్దం మొదలైంది, తీసుకెళ్ళాం, మోటార్ అసెంబ్లీ అన్నారు. "బేరింగ్ ఒక్కటే మార్చండి సార్" అని బాబాయ్ అడిగారు. వచ్చిన జవాబు: "దానికి సిస్టమ్‌లో పార్ట్ నంబర్ లేదు." చివరికి ఈవీల మీద పనిచేసే ఒక బయటి వర్క్‌షాప్‌లో విప్పించాం. రాగి తీగ చుట్టకి (వైండింగ్) మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటర్, పెడితే రీడింగ్ బాగుంది. రోటర్ బాగుంది. బేరింగ్ ట్రాక్ మీద మాత్రం అడ్డగీతలు!

పార్ట్ నంబర్ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా వాదనంతా దీని మీదే నిలబడింది. అది మర్చిపోయి వదిలేసింది కాదు, కావాలనే పెట్టలేదని నేను నమ్ముతున్నా. మోటార్, ఇన్వర్టర్, గేర్‌బాక్స్ మూడూ ఒకే డబ్బాలో పెట్టి సీల్ చేస్తున్నారు. దానివల్ల బరువు తగ్గుతుంది, తయారీ ఖర్చు తగ్గుతుంది, ఒప్పుకుంటా. కానీ దాంతోపాటు వేలల్లో అయ్యే రిపేరు లక్షల్లో అమ్మకం అవుతోంది.

"రోటర్ అయస్కాంతాలు గట్టిగా లాగుతాయి, స్పెషల్ టూల్ లేకుండా బయటికి తీయలేం" అని కంపెనీవాళ్ళు అంటారు. నిజమే. "నిమిషానికి 16,000 చుట్లు తిరిగే మోటార్‌కి రాణిగంజ్‌లో దొరికే పంపు బేరింగ్ వేయకూడదు" అంటారు. అదీ నిజమే, పంపు మోటార్ తిరిగేది మహా అయితే 2,900 చుట్లు. అయితే ఆ బేరింగ్ మీరే అమ్మండి! ప్రతి సర్వీస్ సెంటర్‌లో చేయమని ఎవరూ అడగట్లేదు. హైదరాబాద్ మొత్తానికి ఒక్క చోట ఆ టూల్ పెట్టండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది కదా. ఆ కార్లు పరిగెత్తిన ఊళ్ళో ఒక బేరింగ్ మార్చే బెంచ్ ఉండదా?

విడిభాగాలు బయట అమ్మకపోవడం మీద ఈ దేశంలో పెద్ద తీర్పే ఉంది. 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్ళు, కోర్టులు. 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది, అందులో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. పెట్రోల్ కార్ల రోజుల్లోనే మొదలైన కొట్లాట ఇది. ఈవీ వచ్చాక ఇంకా గట్టిగా అడగాలి.

"స్క్రాప్ బండి మోటార్ తెచ్చి వేసుకోవచ్చా అన్నా?" అని చాలామంది అడుగుతారు. జాగ్రత్త! ఒక్క నెక్సాన్ ఈవీనే తీసుకోండి. 2020లో 129 పీఎస్ పవర్, 245 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం). 2022లో మాక్స్ వచ్చేసరికి 143 పీఎస్, 250 ఎన్ఎం. 2023లో లాంగ్ రేంజ్‌కి 145 పీఎస్, టార్క్ మాత్రం 215కి దిగింది, ఎందుకంటే మోటారే మారింది. పేరు ఒకటే, లోపల మోటార్లు వేరు. బోల్టులు సరిపోయినంత మాత్రాన సరిపోదు. వోల్టేజ్ కలవాలి, ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు కలవాలి, రోటర్ ఏ కోణంలో ఉందో చెప్పే రిజాల్వర్ కలవాలి. రిజాల్వర్ చూపించే కోణంలో తేడా (ఆఫ్‌సెట్) సరిచేయకపోతే బండి జర్క్ కొడుతుంది, లేదా కదలనే కదలదు. పైగా చాలా కంపెనీలు మోటార్‌ని ఆ బండికే సాఫ్ట్‌వేర్‌తో జత కడతాయి. అందుకే ఉన్న మోటార్‌నే బాగుచేయాలి అంటున్నా.



మోటార్‌కి ఐపీ67 (నీళ్ళు, దుమ్ము లోపలికి పోవని చెప్పే రేటింగ్) ఉందని చెప్పి బండిని నీళ్ళలోకి దింపేవాళ్ళకు కూడా చెబుతున్నా. ఆ టెస్టు మీటరు లోతు, 30 నిమిషాలు, కదలని నీళ్ళు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదలప్పుడు టోలిచౌకిలో నిలిచిన నీళ్ళు అట్లా ఉన్నాయా? వేడెక్కిన మోటార్ ఒక్కసారిగా చల్లటి నీళ్ళలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుంటుంది, పాత సీల్ ఉంటే తేమను లోపలికి లాగుతుంది. ముందు తుప్పు పట్టేది మళ్ళీ బేరింగే.

అసలు బండి కదలకపోయినా మోటార్ పోయినట్టు కాదు. 12 వోల్టుల బ్యాటరీ దిగితే ఈవీ నిద్రలేవదు. హ్యుందాయ్ 2024లో మన దేశంలో 1,744 అయానిక్ 5 బండ్లు రీకాల్ చేసింది, ఐసీసీయూ అనే ఛార్జింగ్ యూనిట్‌లో లోపం వల్ల 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుందని. మోటార్‌కి దాంతో సంబంధమే లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. శబ్దం వస్తే యాక్సిలరేటర్ వదిలేసి చూడండి. స్పీడుతోపాటే శబ్దం తగ్గుతూ పెరుగుతూ ఉంటే బేరింగ్ అనుమానించండి. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినప్పుడు మారితే అది చక్రం బేరింగ్ కావచ్చు, ఇంకా చవక. సర్వీస్ సెంటర్‌లో మూడు కాగితం మీద రాయించుకోండి: ఇన్సులేషన్ రెసిస్టెన్స్ రీడింగ్ ఎంత, ఏ ఫాల్ట్ కోడ్ వచ్చింది, సీల్ దగ్గర కూలెంట్ గానీ ఆయిల్ గానీ కారుతోందా. ఈ మూడూ ఇవ్వకుండా "మోటార్ పోయింది" అంటే నమ్మకండి. మీరు మాత్రం విప్పొద్దు, చాలా కార్లలో ఆ ఆరెంజ్ వైర్లలో 300 వోల్టుల పైన ఉంటుంది, ప్రాణం పోతుంది.

మీ దగ్గర అలాంటి ఎస్టిమేట్ ఉంటే పేరు, బండి నంబర్ చెరిపేసి కామెంట్లలో మోడల్, కిలోమీటర్లు, వాళ్ళు రాసిన కారణం పెట్టండి. ఆ కారణాలన్నీ పట్టుకుని వచ్చే వీడియోలో, విప్పిన మోటార్ ముందు నిలబడి ఒక్కొక్కటి చూపిస్తా.