కలిసేకొద్దీ ఒక్కటైపోతామా?

అందరికీ నమస్కారం. బోర్డు మీద రెండు వరుసలు రాస్తున్నాను. పైన 3 8 1 6 2. కింద 3 4 1 9 7. వీళ్లిద్దరూ ఇరుగుపొరుగు మనుషులనుకోండి. ఒక్కో స్థానం ఒక్కో విషయం: భాష, నమ్మకం, సంగీతం, దుస్తులు, రాజకీయం. అక్కడున్న అంకె వాళ్ల ఎంపిక. మనిషిని ఐదు అంకెలకు కుదించడం అన్యాయమే, ఒప్పుకుంటాను. కాసేపు భరించండి.

ఐదింట్లో రెండు కలిశాయి. కాబట్టి వీళ్ల మధ్య మాట కలిసే అవకాశం 40 శాతం. కలిసిందంటే, కింది మనిషి తేడా ఉన్న ఒక అంకెను పై మనిషి నుంచి తీసుకుంటాడు. 4 పోయి 8 వచ్చిందనుకుందాం. ఇప్పుడు మూడు కలిశాయి, అవకాశం 60 శాతమైంది. అలా దగ్గరయ్యేకొద్దీ ఇంకా దగ్గరవుతారు. అసలు ఒక్క అంకె కూడా కలవని వాళ్లు మాత్రం పక్కపక్కనే ఉన్నా పలకరించుకోరు.

అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1997లో ప్రచురించిన నమూనా ఇంతే. ఇందులో శత్రుత్వం లేదు, 'వాళ్లలా ఉండకూడదు' అన్న పట్టుదలా లేదు. ఉన్నదల్లా పక్కవాడిలా మారడమే. మరి చివరికి అందరూ ఒకే మూసలోకి రావాలి కదా? రాలేదు. 10×10 గళ్లలో వంద మందిని పెట్టి, ఐదు విషయాలు, ఒక్కోదానికి 15 ఎంపికలు ఇస్తే సగటున 20 ప్రాంతాలు మిగిలాయి. ప్రాంతం లోపల అందరూ ఒకేలా ఉంటారు. హద్దు దాటితే ఒక్కటీ కలవదు. ఇక అక్కడితో అంతా గడ్డకట్టుకుపోతుంది.

నన్ను పట్టేసింది మాత్రం ఆ తర్వాతి ముక్క. ఐదు విషయాలను పది చేస్తే వైవిధ్యం పెరుగుతుందనుకుంటాం. 20 కాస్తా 1.4కు పడిపోయింది! విషయాలు ఎక్కువయ్యేసరికి ఎక్కడో ఒకచోట మాట కలుస్తుంది. మొదలవడానికి ఆ ఒక్కటి చాలు.

2003లో కాన్‌స్టాంటిన్ క్లెమ్ బృందం దీనికి ఇంకో చిన్న మెలిక పెట్టింది. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఏ కారణమూ లేకుండా ఒక అంకె మార్చుకుంటారు. అది చాలా అరుదుగా జరిగినా సరే, హద్దుల్లో అక్కడక్కడా కన్నం పడి, చివరికి ఒకే సంస్కృతి పరుచుకుంటుంది. మరీ తరచుగా జరిగితే అంతా కలగాపులగం.

ఇప్పుడు ఆ మెలిక తీసేసి, ఐదు విషయాలు, 15 ఎంపికలతో తెర మీద నడుపుతాను. ఒక్కో రంగు ఒక్కో సంస్కృతి. రంగులు మారడం ఆగగానే మీరే లెక్కపెట్టండి. 20 వస్తాయని పందెం మాత్రం కాయను, అది సగటు.