గట్టు మీద కూర

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చదివితే ఈలోపు వాన వచ్చేస్తుంది, ఏమనుకోకండి. గ్రంథాలయంలో పిల్లల వేసవి శిబిరం ఇవాళ్టితో ఆఖరు కదా, మొక్కల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నేను కూర గురించి చెబుతాను.

రోహిణి కార్తె ఎండకి మన గట్లు నెర్రెలిస్తాయి. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడి, ధవళేశ్వరం నుంచి కాలువలకి నీళ్ళొదిలాక చూడండి. ఎవరూ విత్తనం చల్లకుండానే గట్టు మీద పొన్నగంటి, గలిజేరు, బోదెల్లో తూటికూర. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాడని పిల్లలకి పాఠం చెబుతాం, వరి గురించి చెబుతాం. ఆ తడి మీద మొలిచిన కూర మాత్రం ఏ పాఠంలోనూ ఉండదు.

మా అమ్మ పొన్నగంటిని వేళ్ళతో సహా పీకేది కాదు. చిగురు గిల్లి కణుపు వదిలేసేది. ఆ కణుపులోంచే మళ్ళీ వస్తుంది. పెసరపప్పు పలుకు మీదుండగా ఆకు వేసి, ఆఖర్న వెల్లుల్లి పోపు. అంతే. ఇక చింతచిగురు రొయ్యల సంగతి ఎత్తితే మీరు ఇక్కడ కూర్చోరు, ఎత్తను.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. ఓ ఏడాది కూలీలు దొరక్క గట్లకి గడ్డి మందు కొట్టించాను. నేనే, ఇంకెవరో కాదు. అమ్మకి చెప్పలేదు. వారం పోయాక బుట్ట పట్టుకుని వెళ్ళింది. ఖాళీ బుట్టతో వచ్చి, "ఏరా, గట్టెవడు తగలెట్టాడ్రా?" అంది. ఎండలకి మాడిందన్నాను. కాలువలో నీళ్ళు పారుతుంటే ఎండకి మాడిందన్నానండీ! అమ్మ ఇంకేం అడగలేదు. బుట్ట చూరుకి తగిలించేసింది.

వెనక వరసలో రైతులున్నారు, మిమ్మల్నే అడుగుతున్నాను. ఒక్క గట్టు, ఒక్కటంటే ఒక్కటి, మందు కొట్టకుండా వదలండి. పిల్లలూ, మందు కొట్టిన చోటా, మురుగు కాలవలోనూ కొయ్యకండి. పొన్నగంటికి తెల్లపువ్వు కణుపుకే అతుక్కుని ఉంటుంది. అదే పువ్వు పొడుగు కాడ మీద నిలబడితే అది పొన్నగంటి కాదు, నీళ్ళ మీద పాకే కలుపు. పెద్దవాళ్ళకి చూపించాకే వండించుకోండి.

ఈ సంచిలో పదిహేను కట్టలున్నాయి, మా గట్టువే. తడిగుడ్డలో చుట్టి తెచ్చాను, రేపటికి ఆగదు. ఆకు దూసుకున్నాక కాడలు పారెయ్యకండి, కుండీలో గుచ్చండి.