సవరణ ఎక్కడ వేశారు?

మిత్రులారా,

తప్పుడు వార్త జిల్లా టాబ్లాయిడ్ మొదటి పేజీలో ఫొటోతో సహా వస్తుంది. వారం గడిచాక ఏదో లోపలి పేజీ అడుగున మూడు లైన్లు వేస్తారు: ‘పొరపాటు దొర్లింది, చింతిస్తున్నాం’. ఏ వార్తలో, ఎవరి గురించి, ఏది తప్పు, ఏది నిజం అన్నది ఉండదు. దాన్ని సవరణ అనకూడదు. తప్పు ఏ ఎడిషన్‌లో, ఏ పేజీలో పడిందో దిద్దుబాటూ అక్కడే పడాలి. వెబ్‌సైట్‌లో గుట్టుగా మార్చేస్తే ఆ మండలంలో పేపరు చదివినవాళ్లకు తెలిసేదెలా?

సంపాదకుడు వినకపోతే ప్రెస్ కౌన్సిల్ ఉంది, పత్రికల మీద ఫిర్యాదులు విచారించే చట్టబద్ధ సంస్థ అది. అయితే ముందు సంపాదకుడికి రాసి తీరాలి. దినపత్రిక, వారపత్రికల మీద ఫిర్యాదుకు ప్రచురించిన నాటి నుంచి 2 నెలలే గడువు, మిగతావాటికి 4 నెలలు. జవాబు కోసం చూస్తూ కూర్చుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. క్లిప్పింగు, దాని ఇంగ్లిష్ అనువాదం, సంపాదకుడికి రాసిన లేఖ నకలు, కోర్టులో కేసు పెండింగులో లేదన్న డిక్లరేషన్ జతచేయాలి.

1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 14వ సెక్షన్ కింద కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు. కోరలు లేని సంస్థ అని అందుకే అంటారు. కానీ విచారణ వివరాలు అదే పత్రికలో అచ్చువేయమనే అధికారం దానికుంది. నా దృష్టిలో జరిమానా కన్నా అదే పదునైనది.

టీవీలది వేరే దారి. వార్తా ఛానెళ్ల సంఘం తనకు తానే పెట్టుకున్న ఫిర్యాదుల సంస్థ ఎన్‌బీడీఎస్‌ఏ. దాని నిబంధనల ప్రకారం ప్రసారమైన 7 రోజుల్లోపు ముందు ఛానెల్‌కే ఫిర్యాదు చేయాలి. అందుకే క్లిప్ వెంటనే దాచుకోండి. 2023 నాటికి జరిమానా గరిష్ఠంగా 1 లక్ష రూపాయలే. అది ఏపాటి శిక్ష అని ఆ ఏడాది సుప్రీంకోర్టే అడిగింది. పైగా ఆ సంఘంలో సభ్యత్వం ఉన్న ఛానెళ్లకే ఇది వర్తిస్తుంది. 2009లో జరిమానా పడగానే ఒక ఛానెల్ సంఘం నుంచే బయటికి నడిచింది.

స్వీయ నియంత్రణకు అసలు పరీక్ష పెయిడ్ న్యూస్ దగ్గర ఎదురైంది. 2009 ఎన్నికల్లో డబ్బుకు వార్తలమ్మిన తీరుపై జర్నలిస్టులు పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి ప్రెస్ కౌన్సిల్‌కు నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి, పత్రికల పేర్లు తీసేసి విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక, 2011లో గానీ పూర్తి పాఠం బయటపడలేదు. అధ్యక్షుడు కాక 28 మంది సభ్యుల్లో 20 మంది పత్రికారంగం వాళ్లే. సొంత ఇంటి మీద తీర్పు చెప్పడం ఎంత కష్టమో అక్కడే తేలింది.

ఆ జబ్బు మండల స్థాయిలో ఇంకా ఉంది. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బుతో బతికే కంట్రిబ్యూటరుకే (మండల విలేకరికే) ఆగస్టు 15కు, జనవరి 26కు ప్రకటనల టార్గెట్ పెడతారు. ఏ నాయకుడిని ప్రకటన అడిగాడో ఆ నాయకుడి మీదే మర్నాడు అతను వార్త రాయాలి. దాన్ని ఏ కౌన్సిలూ ఆపలేదు. ఆ టార్గెట్లు పెట్టిన యాజమాన్యాలే తీసేయాలి.