ఒక్కసారికి ఒక్క మాట

శ్రోతలకు నమస్కారం.

“సెల్‌ఫోన్ చేతికిస్తే గంటసేపు కదలడు, పలక పట్టుకోమంటే రెండు నిమిషాలు కూర్చోడు, ఇది మొండితనం కాక ఇంకేంది సార్?” అని చంద్రగిరి, పాకాల, రేణిగుంట వైపు నుంచి పిల్లలను తీసుకొని తిరుపతికి వచ్చే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. పిల్లల వైద్యంలో ఉన్న నాకు ఈ ప్రశ్న అంటే ఎంతో గౌరవం, ఎందుకంటే జవాబుకు దారి అందులోనే ఉంది. ఫోన్ మీద వేలు తగిలిన మరుక్షణమే బొమ్మ మారుతుంది, శబ్దం వస్తుంది, ఏదో ఒక బహుమతి మెరుస్తుంది. పలక మీద అక్షరం దిద్దినందుకు దొరికే ఫలితం మాత్రం ఎంతో ఆలస్యంగా వస్తుంది. అలా ఆలస్యంగా వచ్చే ఫలితం కోసం మనసును ఒకచోట నిలిపి ఉంచడం చిన్న పిల్లలందరికీ కష్టమే; కొందరికి, మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా వల్ల, అది తోటి పిల్లలకంటే చాలా ఎక్కువ కష్టం.

శ్రద్ధ నిలవకపోవడం, కుదురులేకపోవడం వయసుకు మించి ఉండే, వైద్యులు ఇప్పుడు ఏడీహెచ్‌డీ అని పిలుస్తున్న ఈ స్థితిని పోలిన పిల్లల గురించి 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ప్రసంగాలు చేశాడు కాబట్టి, ఇది ఫోన్లూ టీవీలూ తెచ్చిపెట్టిన జబ్బు అనడానికి వీలులేదు. తల్లి పెంపకం సరిలేక వచ్చేదీ కాదు, చక్కెర ఎక్కువ తింటే వచ్చేదీ కాదు. ఒకే కుటుంబంలో తరతరాలుగా కనిపించడం మాత్రం వాస్తవం. అలాగని కుదురులేని ప్రతి బిడ్డకూ ఆ పేరు తగిలించకూడదు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలపాటు ఇంట్లోనూ బడిలోనూ కనబడుతూ, చదువుకూ స్నేహాలకూ అడ్డం వస్తున్నప్పుడే డాక్టర్లు ఆ నిర్ణయానికి వస్తారు. ముందుగా బిడ్డకు చెవులు సరిగ్గా వినబడుతున్నాయా, చూపు బాగుందా, రక్తహీనత ఉందా, నిద్ర చాలుతోందా అన్నవి చూడాలి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండింటి దాకా పెద్దలతోపాటు టీవీ ముందు కూర్చున్న బిడ్డ మరునాడు బడిలో కుదురుగా ఉండలేదంటే ఆ బిడ్డను తప్పుపట్టడం న్యాయం కాదు.

ఈ సంగతులను ఇంతటితో ఆపి, తిరుచానూరు దగ్గర పూలు కట్టి అమ్ముకునే ఒక కుటుంబం గురించి చెబుతాను. వాళ్లెవరో తెలియకుండా ఉండటానికి కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. ఆ ఇంటి పిల్లవాడికి ఐదేళ్లు దాటాయి, యూకేజీ చదువుతున్నాడు. తెల్లవారకముందే పూలబుట్టల మధ్య కూర్చోవలసిన తల్లి, చేతిలో నారతోనే లోపలి నుంచి కేక వేసేది: “ఒరే నాయనా, లేసి పండ్లు తోముకొని, నీళ్లు పోసుకొని, యూనిఫారం ఏసుకొని, బ్యాగు తీసుకొని రా!” ఒక్క కేకలో నాలుగు పనులు. పిల్లవాడు బ్రష్షు తీసుకొని తొట్టి దగ్గరికి వెళ్లేవాడు, అంతవరకూ బాగానే ఉండేది. అక్కడ గోడవారగా చీమల బారు కనిపించేది. ఒక చీమ తనకంటే పెద్దదైన బొరుగు గింజను ఈడ్చుకొని పోతుంటే, ఇంకో రెండు చీమలు వచ్చి సాయం పట్టడం, తొట్టి అంచు దగ్గర అది జారి కిందపడటం, మళ్లీ అవి వెనక్కి వచ్చి దాన్ని పట్టుకోవడం చూస్తూ వాడు గొంతుకూర్చునేవాడు. పేస్టు కరిగి మోచేతి దాకా కారుతున్నా వాడికి తెలిసేది కాదు. ఆలోగా ఆటో వచ్చి హారన్ కొట్టేది, తల్లి పరుగెత్తుకొచ్చి వీపుమీద రెండు తగిలించేది, వాడు ఏడుస్తూ ఒక కాలికే బూటుతో ఆటో ఎక్కేవాడు.

ఆ తల్లి ఇదంతా వాడి మీద ఫిర్యాదుగా చెప్పింది. వింటున్నంతసేపూ నాకు మాత్రం ఆ చీమలను వాడు ఎంత శ్రద్ధగా చూశాడో అనిపించింది. శ్రద్ధ ఉంది, మనం కోరిన చోటికి దాన్ని మళ్లించి, అక్కడ నిలిపి ఉంచే బలమే ఆ వయసుకు రావలసినంతగా ఇంకా రాలేదు. నాలుగు పనులు ఒక్కసారిగా చెబితే మొదటిదే వాడికి గుర్తుండేది, మిగిలిన మూడూ చీమలతోపాటు వెళ్లిపోయేవి.

మేము ఆమెను కోరినది ఒకే ఒక్క మార్పు. లోపలి నుంచి కేక వేయవద్దు, దగ్గరికి వెళ్లమన్నాము. దగ్గరికి వెళ్లి, వాడి ఎత్తుకు వంగి, భుజం మీద చెయ్యి వేసి, పేరు పెట్టి పిలిచి, వాడు కళ్లెత్తి చూశాక ఒక్క మాట చెప్పమన్నాము. ఒక్కసారికి ఒక్క మాట. “ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు” అన్నది కూడా వద్దు, “బ్రష్షు తీసుకో” అంటే చాలు. చెప్పాక మనసులో ఐదు లెక్కపెట్టేదాకా మౌనంగా నిలబడాలి, ఎందుకంటే ఆ మాట వాడి లోపలికి దిగడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలోనే మనం రెండోసారీ మూడోసారీ గొంతు పెంచి అరిచేస్తాము. వాడు కదిలిన మరుక్షణం, పని పూర్తయ్యేదాకా ఆగకుండా, “చెప్పిన వెంటనే తీసుకున్నావు, బాగుంది” అని వాడు చేసిన పనిని పేరుపెట్టి మెచ్చుకోవాలి. మరుక్షణమే అనడంలోనే అంతా ఉంది. ఫోన్ పిల్లలను కట్టిపడేసేది ఆ మరుక్షణపు ఫలితంతోనే కదా. అదే ఫలితాన్ని అమ్మ నోటి నుంచి, అమ్మ చేతి స్పర్శ నుంచి ఇవ్వమన్నాము.

పక్కనే కూర్చున్న అవ్వకు ఇది నచ్చలేదు. “పండ్లు తోముకున్నందుకు కూడా మెచ్చుకోవాల్నా సామీ? మేమెవరం అట్ల పెంచలేదు” అని నిలదీసింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మిగిలిన పిల్లలు తమంతట తాము చేసే పనికి ఈ పిల్లవాడు ఎంతో ఎక్కువ ప్రయాస పడుతున్నాడనీ, ఆ ప్రయాసను చూసి మెచ్చుకోమంటున్నామనీ చెప్పాను. ఇంకో మాట కూడా అడిగాను: “అవ్వా, పొద్దున లేచింది మొదలు వాడు విన్న మాటల్లో తిట్లు ఎన్ని, మంచి మాటలు ఎన్ని?” ఆమె కొంచెంసేపు ఆలోచించి, కోడలి వైపు చూసి, ఇంకేమీ అనలేదు. ఆ తరువాత ఇంట్లో అందరికంటే ఓపికగా ఈ పద్ధతిని పాటించింది ఆ అవ్వే. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు బ్రష్షు, చెంబు, చొక్కా, బూట్లు, బ్యాగు వరసగా బొమ్మలు గీయించి తొట్టి పక్క గోడకు అంటించింది. ఒక్కొక్క పని కాగానే వాడు ఆ బొమ్మ మీద బొగ్గుతో గీత గీసేవాడు.

అన్ని రోజులూ ఒకేలా గడవలేదు. పెళ్లి ముహూర్తాలప్పుడు దండల పని ఎక్కువై, తల్లి మళ్లీ కేకలు వేసిన రోజులున్నాయి, దెబ్బలు పడిన రోజులూ ఉన్నాయి. కొట్టడం గురించి నా అభిప్రాయం దాచుకోను. దెబ్బ ఆ నిమిషానికి పనిచేస్తుంది, అందుకే మనం దాన్ని వదలలేకపోతున్నాము. అయితే ఏం చేయకూడదో తప్ప ఏం చేయాలో అది బిడ్డకు నేర్పదు. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది, ఇంట్లో ఆ నిషేధం మనమే పెట్టుకోవాలి. కొన్ని నెలలు గడిచాక కూడా ఆ పిల్లవాడు చీమలను చూస్తూనే ఉన్నాడు, కాకపోతే చాలా రోజులు ఆటో వచ్చేసరికి రెండు కాళ్లకూ బూట్లు ఉంటున్నాయి. టీచరమ్మ కూడా వాడిని కిటికీ దగ్గరి నుంచి తీసి తన ముందు వరసలో కూర్చోబెట్టి, పుస్తకాలు పంచే పని వాడికి అప్పగించడంతో, లేచి తిరగవలసిన అవసరం వాడికి తరగతి పనిలోనే తీరుతోంది.

ఆరేళ్లు నిండని పిల్లలకు మొదటి చికిత్సగా తల్లిదండ్రులకు ఇచ్చే ఇలాంటి శిక్షణనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 నాటి మార్గదర్శకాల్లో సూచించింది. దీనితో చాలినంత మార్పు రాకపోయినా, వయసు పెరిగాక ఇబ్బంది ఎక్కువైనా మందులు అవసరం కావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వాడే ఆ మందులకు భయపడి బిడ్డ చదువును పోగొట్టుకోవద్దని నా మనవి. మన తిరుపతి రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగమూ మానసిక వైద్య విభాగమూ రెండూ ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చే వైద్య బృందాలు పరిశీలించే సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఒకటి. ఇల్లు కదలలేనివారు 14416 నంబరుకు ఫోన్ చేస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం ఒక పని మరచిపోవద్దు. బడిలో బిడ్డ ఎలా ఉంటున్నాడో టీచరు చేత నాలుగు వాక్యాలు రాయించుకొని ఆ కాగితం వెంట తీసుకువెళ్లండి. ఆసుపత్రి కొత్త చోటు, డాక్టరు కొత్త మనిషి కావడం వల్ల ఎంతో అల్లరి చేసే పిల్లలు కూడా అక్కడ ఆ కాసేపు బుద్ధిగా కూర్చుంటారు. ఆ కాసేపు మాత్రమే చూసిన డాక్టరుకు మీరు చెప్పేదానికి తోడు ఆ కాగితం ఉంటే, మీ కష్టాన్ని ఎవరూ అతిశయోక్తి అని తీసిపారేయరు.