తప్పెటగుళ్ల దరువుకి క్లోన్ హీరో చార్ట్: టెంపో జారకుండా కట్టే పద్ధతి

నమస్కారమండి. ప్లాస్టిక్ గిటార్ పట్టుకుని, పాటకి తగ్గట్టు రంగు మీటలు నొక్కే వీడియో గేమ్ గిటార్ హీరో 2005లో వచ్చింది. 2009కి వచ్చేసరికి ఒక్క ఏడాదిలోనే గిటార్ హీరో 5, బ్యాండ్ హీరో, డీజే హీరో, బీటిల్స్ రాక్ బ్యాండ్ అని ఇలాంటి ఆటలే వరసపెట్టి దిగిపోయాయి. ఇంట్లో ఒక ప్లాస్టిక్ గిటార్ ఉన్నాక ఇంకోటి ఎవరు కొంటారండీ? 2011 ఫిబ్రవరిలో దాన్ని అమ్మే కంపెనీ యాక్టివిజన్ గిటార్ హీరో విభాగాన్నే మూసేసింది. రాక్ బ్యాండ్ 4కి వచ్చే కొత్త పాటలు కూడా 2024 జనవరితో ఆగిపోయాయి. పాట కంపెనీ ఇస్తేనే ఆట అన్నంతకాలం ఇదే తంతు. విజయనగరం, శ్రీకాకుళం తప్పెటగుళ్ల (గుండెకి కట్టుకున్న తప్పెట వాయిస్తూ ఆడే నృత్యం) దరువులు వాళ్ల జాబితాలోకి ఎలాగూ రావు కాబట్టి మనమే ఎక్కించుకుందాం. క్లోన్ హీరో (గిటార్ హీరో లాంటిదే, మన పాటలు ఎక్కించుకోవచ్చు), మూన్‌స్క్రేపర్ చార్ట్ ఎడిటర్ (ఏ నోటు, అంటే రంగు గుర్తు, ఎప్పుడు తెర మీదకి రావాలో చెప్పే చార్ట్ ఇందులో కడతాం), ఆడాసిటీ (రికార్డింగ్ సరిదిద్దడానికి), మూడూ ఉచితమే.

ముందు రికార్డింగ్. బృందాన్ని అడిగి, వాళ్లు సరేనన్నాకే తీయండి. ఫోన్ మరీ దగ్గర పెడితే తప్పెట దెబ్బకి శబ్దం పగిలిపోతుంది, నాలుగైదు అడుగుల దూరం ఉంచండి. ఆడాసిటీలో మొదటి దెబ్బకి ముందు 2 సెకన్ల నిశ్శబ్దం చేర్చి, ఓజీజీ (ఒక రకం ఆడియో ఫైల్)గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎంపీ3 వద్దు. అది ఫైల్ మొదట్లో కొద్దిపాటి ఖాళీ చేరుస్తుంది, దాంతో నోట్లన్నీ పక్కకి జరుగుతాయి.

ఇప్పుడు అసలు పని, టెంపో, అంటే దరువు వేగం. సినిమా పాట చాలావరకు క్లిక్ ట్రాక్ (ఒకే వేగంతో టిక్ టిక్ మనే శబ్దం) మీద రికార్డవుతుంది, ఒకే బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లు) ఇస్తే సరిపోతుంది. తప్పెటగుళ్లు అలా కాదు. అడుగు ఊపందుకునేకొద్దీ దరువూ పరుగెడుతుంది. లెక్క చూడండి: 120 బీపీఎంలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు, 121లో దాదాపు 496. తేడా నాలుగే! కానీ క్లోన్ హీరోలో నోటుకి అటు 70, ఇటు 70 మిల్లీసెకన్ల వెసులుబాటే ఉంటుంది. అంటే 17 బీట్లు, ఎనిమిదిన్నర సెకన్లు దాటేసరికి మీరు సరిగ్గా కొట్టినా మిస్సే.

అందుకని 15 సెకన్లలో దెబ్బలు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి, మొదటి బీపీఎం అదే. మూన్‌స్క్రేపర్‌లో వేవ్‌ఫామ్ (శబ్దం హెచ్చుతగ్గుల బొమ్మ) చూపించమని పెట్టి, మొదటి దెబ్బ శిఖరం మీద బీట్ గీత పడేలా చూడండి. అక్కణ్ణించి ప్రతి నాలుగు బీట్లకీ ఆగి, గీత శిఖరానికి ముందుందా వెనకుందా చూసి, సరిగ్గా దాని మీద పడేదాకా అప్పటికి చివరగా పెట్టిన మార్కర్ బీపీఎం మార్చి, అక్కడ కొత్త బీపీఎం మార్కర్ పెట్టండి. ఎడమ నుంచి కుడికే వెళ్లాలి. వెనక్కొచ్చి పాత మార్కర్ కదిపితే ముందున్నవన్నీ చెదురుతాయి. విసుగు పుట్టే పనే, కానీ చార్ట్ బాగుండటం, పాడవటం ఇక్కడే తేలిపోతుంది.

నోట్లు తేలిక. కుడి చేతి దెబ్బ ఆకుపచ్చ, ఎడమ చేతిది ఎరుపు, రెండూ కలిస్తే రెండు రంగులూ. గజ్జెల చప్పుడంతా ఎక్కించకండి, తెర నిండిపోయి అసలు దరువు కనబడదు. అడుగు గట్టిగా పడే చోట మాత్రం పసుపు పెట్టండి. 1/16 దూరంలో రంగు మారిన నోట్లని ఆట తనంతట తనే హోపోగా మార్చేస్తుంది, అంటే స్ట్రమ్ (గిటార్ మీద తీగ మీటినట్టు కొట్టే పట్టీ) లేకుండా మీట నొక్కితేనే పడతాయి. తప్పెటకి ప్రతి దెబ్బా విడిగా తెలియాలి, కాబట్టి అలాంటివి చూసి మామూలు నోట్లుగా మార్చండి. తర్వాత మూన్‌స్క్రేపర్‌లో క్లాప్ (ప్రతి నోటుకీ చప్పట్ల శబ్దం) ఆన్ చేసి సగం వేగంలో వినండి. చప్పట్లు, తప్పెట ఒక్కటిగా వినబడాలి.

చార్ట్, ఓజీజీ ఒకే ఫోల్డర్లో పెట్టి, దాన్ని సాంగ్స్ ఫోల్డర్లో వేసి, క్లోన్ హీరోలో స్కాన్ కొట్టండి. శబ్దం, బొమ్మ ఆలస్యం కాకుండా బ్లూటూత్ ఇయర్‌ఫోన్ తీసేసి వైరుది పెట్టండి, టీవీ అయితే గేమ్ మోడ్ ఆన్ చేయండి.

ఆడి చూశాక కూడా తప్పుతోందా? మొదటి నోటు నుంచి చివరిదాకా ఒకేలా ఆలస్యంగా అనిపిస్తే చార్ట్‌ని ముట్టుకోకండి, క్లోన్ హీరో సెట్టింగ్స్‌లో క్యాలిబ్రేషన్ (ఆ ఆలస్యాన్ని సరిచేయడం) చేయండి. మొదట్లో బాగుండి పోనుపోను తేడా పెరిగితే మాత్రం బీపీఎం తప్పే. ఎక్కడ మొదలైందో ఆ మార్కర్ దగ్గరికి వెళ్లి, అక్కణ్ణించి మళ్లీ సరిచేసుకుంటూ రండి.