ప్రశ్నపత్రం ఎవరు తయారుచేశారు?

అందరికీ నమస్కారం. చట్టసభ సభ్యులకు వాళ్ళు వేసిన ఓట్లను బట్టి సంఘాలు మార్కులు వేయడం గురించి మాట్లాడమన్నారు. మార్కుల దగ్గరికి తర్వాత వద్దాం. ముందు, ఓటు ఎవరు వేశారో బయటికి తెలియాలి కదా.

అమెరికా ప్రతినిధుల సభలో 1970 దాకా సవరణల మీద ఓటింగ్ చాలాసార్లు ఎలా జరిగేదంటే, అనుకూలంగా ఉన్నవాళ్ళు లేచి నడవలోంచి వరుసగా నడిచి వెళ్ళేవారు. అక్కడ నిలబడ్డవాళ్ళు తలలు లెక్కపెట్టేవారు. తర్వాత వ్యతిరేకించేవాళ్ళు నడిచేవారు. చివరికి మిగిలేవి రెండు అంకెలే. పేర్లు ఎవరూ రాసుకోరు. హాజరైనవాళ్ళలో ఐదో వంతు మంది అడిగితే ఎవరెటు ఓటేశారో నమోదు చేయాలని వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది. కానీ సవరణల సమయానికి సభ మొత్తం తనను తాను ఒక కమిటీగా మార్చుకునేది. ఇక ఆ నిబంధన వర్తించదు. కిటుకంతా అక్కడుంది.

శబ్దవేగాన్ని మించి ఎగిరే ప్రయాణికుల విమానం కోసం అప్పట్లో ప్రభుత్వం డబ్బు పోస్తుండేది. ఆ నిధులు సభలో గట్టెక్కుతూ వచ్చాయి. 1970లో చేసిన సంస్కరణల చట్టం, అడిగితే నడవలో నడిచేవాళ్ళ పేర్లు కూడా రాయాలంది. 1971 మార్చిలో ఆ విమానం మళ్ళీ సభ ముందుకొచ్చింది. ఈసారి పేర్లు పడ్డాయి, నిధులు ఆగిపోయాయి. పేర్ల వల్లే ఆగిందని నేను అనను. పర్యావరణ ఉద్యమం అప్పుడు మంచి ఊపు మీద ఉంది, ఖర్చు మీద కూడా గొడవ నడుస్తోంది. కానీ ఊళ్ళో జనం అడుగుతారని తెలిసినప్పుడు, అడగరని తెలిసినప్పుడు మనిషి నడక ఒకేలా ఉండదు.

1973 జనవరిలో అక్కడ ఎలక్ట్రానిక్ ఓటింగ్ మొదలైంది. ఇక పేర్లకు కొదవ లేదు. మార్కుల జాబితాలకూ కొదవ లేదు. అమెరికన్స్ ఫర్ డెమోక్రటిక్ యాక్షన్ అనే ఉదారవాద సంస్థ 1940ల చివరి నుంచే మార్కులు వేస్తూ వచ్చింది. 1970ల మొదట్లో పర్యావరణ ఓటర్ల సంఘం మార్కులు వేయడం మొదలుపెట్టింది, ఇటువైపు సంప్రదాయవాదుల సంఘమూ మొదలుపెట్టింది. తుపాకీ హక్కుల సంఘమైతే స్కూల్లో లాగా ఏ, బీ, సీ గ్రేడులే ఇస్తుంది.

లెక్క చాలా తేలిక. ఏడాదిలో పేర్లతో నమోదయ్యే ఓట్లు వందల్లో ఉంటాయి. వాటిలోంచి ఒక 20 ఏరతారు. ఒక్కోదానికి 5 మార్కులు. సంఘం కోరినట్టు ఓటేస్తే 5, ఎదురు వేస్తే సున్నా, సభకు రాకపోయినా చాలా జాబితాల్లో సున్నాయే. అంటే నాలుగు ఓట్లప్పుడు ఆస్పత్రి మంచం మీద ఉన్న సభ్యుడికి 80 వస్తాయి. ఆ నాలుగుసార్లూ కావాలని ఎదురుతిరిగినవాడికీ 80 వస్తాయి. కరపత్రంలో ఇద్దరూ ఒకటే.

ఏరే దగ్గరే అసలు రాజకీయం. సాధారణంగా హోరాహోరీగా సాగిన ఓట్లనే ఏరతారు, ఎందుకంటే అందరూ ఒకవైపే ఉన్న ఓటుతో ఎవరినీ విడదీయలేం. జేమ్స్ స్నైడర్ అనే రాజనీతి పండితుడు 1992లో దీని ఫలితం చూపించాడు. ఇలా ఏరితే మధ్యేమార్గంలో ఉన్నవాళ్ళు కూడా రెండు కొసలకీ నెట్టుకుపోతారు. జాబితా నిండా 90లూ 10లే కనిపిస్తాయి. సభ నిజంగా అంత చీలి ఉందో, ప్రశ్నపత్రమే అలా పెట్టారో అంకె చూసి చెప్పలేం. అంతకుముందే కీత్ పూల్, హోవర్డ్ రోసెంతాల్ అనే ఇద్దరు ఏరడం మానేసి, దాదాపు అన్ని ఓట్లనూ కలిపి సభ్యుల స్థానం లెక్కగట్టే పద్ధతి తెచ్చారు. అది సభ్యుడు ఎవరి పక్కన నిలబడుతున్నాడో చెబుతుంది. ప్రజలకు మేలు చేశాడా అంటే మాత్రం నోరు విప్పదు. ఆ తీర్పు ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే, కాబట్టి సంఘాలు ఏరడాన్ని నేను తప్పుపట్టను. ఎందుకు ఏరారో రాయకపోవడం తప్పు.

ఒక్కోసారి ఓటే అబద్ధం చెబుతుంది. 2013 ఏప్రిల్‌లో తుపాకులు కొనేవాళ్ళ నేపథ్యం తనిఖీ చేసే సవరణ అమెరికా ఎగువసభ సెనేట్‌కు వచ్చింది. 60 ఓట్లు కావాలి, 54 పడ్డాయి. వ్యతిరేకించినవాళ్ళ పేర్లలో మెజారిటీ పక్ష నాయకుడు హారీ రీడ్ పేరు కూడా ఉంది. ఆయన ఆ సవరణకు మద్దతుదారే. కానీ ఓడిపోతున్న విషయాన్ని మళ్ళీ ఓటుకు తేవాలంటే గెలిచినవాళ్ళ వైపు ఓటేసి ఉండాలన్నది అక్కడి నిబంధన. అందుకని చివర్లో అటు మారాడు. ఇది తెలియనివాడు మార్కులు వేస్తే సున్నా వేస్తాడు, పైగా నిజాయితీగానే వేస్తాడు.

ఈ పద్ధతిని మన పార్లమెంటుకు తెద్దామని ఉత్సాహపడేవాళ్ళుంటారు. 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వానికే ఎసరు. ఆపైన చాలా బిల్లులు మూజువాణి ఓటుతో అయిపోతాయి. ఇక్కడ మార్కులు వేస్తే అవి పార్టీకి పడతాయి, మనిషికి కాదు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ తొలిచే సంగతి, అసలు ఓటుకే రాని బిల్లు. కమిటీ ఛైర్మన్ దాన్ని సొరుగులో పడేస్తాడు. ఆయన మార్కుల్లో ఆ సొరుగు ఎక్కడా కనిపించదు. అమెరికా ప్రతినిధుల సభలో దీనికొక దారి ఉంది. 435 మందిలో 218 మంది ఒక అర్జీ మీద సంతకం పెడితే బిల్లు కమిటీ నుంచి బయటికొస్తుంది. ఆ సంతకాలు దశాబ్దాలపాటు రహస్యం. సంతకాలు చాలేదాకా పేర్లు బయటపెట్టకూడదు. బిల్లుకు నా మద్దతు ఉందని ఊళ్ళో చెప్పి, సభలో ఆ కాగితం ముట్టుకోకుండా కాలం గడిపేయొచ్చు. 1993లో ఆ పేర్లు బయటపెట్టాలని నిబంధన మార్చారు. సంతకం లేని పేర్లు ఏవో ఆ రోజు నుంచి ఎవరైనా చదువుకోవచ్చు.