ఉత్తరం ఎవరికి రాయాలి?

శ్రోతలకు నమస్కారం. ప్రపంచంలో మానవ హక్కుల గురించి చెప్పమన్నారు. సమయం తక్కువ కాబట్టి ప్యారిస్‌లో మొదలుపెట్టి త్వరగానే హైదరాబాదు వచ్చేస్తాను.

1948 డిసెంబరు 10న ప్యారిస్‌లో ఐక్యరాజ్యసమితి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. మన దేశంతో కలిపి 48 దేశాలు ఔనన్నాయి. కాదన్న దేశం ఒక్కటీ లేదు, 8 మాత్రం తటస్థంగా ఉండిపోయాయి. అందులోని 30 అధికరణల్లో అయిదవది ఎవరినీ చిత్రహింసలు పెట్టకూడదంటుంది. శిక్ష పడిన నేరస్థుడినైనా సరే. చాలామందికి మింగుడుపడనిది ఇదే.

నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటి ఉంది. ఢిల్లీ తీహార్ జైలులో సునీల్ బాత్రా అనే ఖైదీ ఉండేవాడు. అతనికి మరణశిక్ష పడింది. తోటి ఖైదీ ఒకరిని వార్డరు దారుణంగా హింసించాడని, చూడవచ్చే బంధువుల దగ్గర డబ్బు గుంజడానికే ఆ పని చేశాడని తెలిసి, సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరికి ఉత్తరం రాశాడు. వకీలు లేడు, వకాలతు లేదు, కోర్టు ఫీజు లేదు. ఉరిశిక్ష నెత్తిన ఉన్న మనిషి తన గురించి కాక పక్కవాడి గురించి రాశాడు. ఆ ఉత్తరాన్నే కోర్టు హెబియస్ కార్పస్ పిటిషన్‌గా, అంటే నిర్బంధంలో ఉన్న మనిషికి రక్షణ కోరే అర్జీగా తీసుకుంది. ఇద్దరు న్యాయవాదులను జైలుకు పంపి నిజం తెలుసుకుంది.

1979 డిసెంబరులో తీర్పు చెప్పినవారు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. ఆయన కేరళలో మంత్రిగా జైళ్ల శాఖ చూసినవారు, 1948లో స్వయంగా నిర్బంధం అనుభవించినవారు. ఆ అనుభవం తీర్పులో కనిపిస్తుందనే నా నమ్మకం. జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టమన్నారు, జిల్లా జడ్జీలు వెళ్లి ఖైదీల గోడు వినాలన్నారు.

చూశారా, హక్కు ఉంటే చాలదు, ఉత్తరం ఎవరికి రాయాలో తెలియాలి. యూరప్ వారు స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టుకు వెళ్లవచ్చు. ఆఫ్రికాకూ, అమెరికా ఖండాలకూ అలాంటి కోర్టులున్నాయి. ఆసియాకు లేదు. ఇది చిన్న లోటు కాదు. మన కోర్టులు కాక మనకున్నవి 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం కింద వచ్చిన మానవ హక్కుల కమిషన్లు. ఢిల్లీలో జాతీయ కమిషన్, మన నాంపల్లిలో రాష్ట్ర కమిషన్. ఇవి సిఫారసు చేయగలవే గాని శిక్షించలేవు. అంత బలహీనంగా ఉంచడం నాకు నచ్చదు. అయినా కమిషన్ నివేదిక అడిగితే అధికారి జవాబు రాసుకోక తప్పదు కదా!

అందుకే ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి. కమిషన్‌కు రాసే ఫిర్యాదు ప్రభుత్వ ఉద్యోగి చేసిన అన్యాయం మీదో, నిర్లక్ష్యం మీదో అయి ఉండాలి. అన్నదమ్ముల ఆస్తి తగాదాలు అక్కడ చెల్లవు. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బాధితుడు రాయలేకపోతే అతని తరఫున మీరు రాయవచ్చు. ఏ తేదీన, ఏ చోట, ఎవరు, ఏం చేశారు, ఈ నాలుగూ ముందుగా రాయండి. ఆవేశం తరువాత. జరిగిన ఏడాది లోపే పంపాలి, ఏడాది దాటితే విచారణ చేపట్టరు. నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, పోస్టు రసీదును దానికే గుచ్చి పెట్టండి.